ముందు ఊపిరి వదలండి

ఈ నెల మా యోగా శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో నడుంనొప్పి, మోకాళ్ల నొప్పుల కంటే గుండెదడ, భయం, నిద్ర పట్టకపోవడం గురించి అడిగినవే ఎక్కువ. అందుకని ఈసారి మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. ఒక మాట ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాక విజయవాడలో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో యోగా నేర్పుతున్నదాన్ని. వార్డులో చూసినవీ, చాప మీద చూసినవీ కలిపి రాస్తుంటాను. పేర్లు వేయొద్దని అడిగారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేశాం.

నా వయసు 44. టీచర్‌ని. కొన్ని నెలలుగా తెల్లవారుజామున నాలుగింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వస్తోంది. ఏదో జరగబోతోందన్న భయం. గుంటూరులో హార్ట్ డాక్టర్‌కి చూపించాం. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ నార్మల్. ‘టెన్షన్ తగ్గించుకోండి, యోగా చేయండి’ అన్నారు. వీడియో చూసి రోజూ పావుగంట కపాలభాతి చేస్తున్నాను. చేస్తున్నప్పుడే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, తల తిరుగుతోంది. దడ ఇంకా ఎక్కువైంది. నాకు యోగా పడదా మేడమ్?
– ఒక పాఠకురాలు, తెనాలి

యోగా పడకపోవడం కాదమ్మా, కపాలభాతి పడలేదు. ఇవాళ్టి నుంచే దాన్ని ఆపేయండి.

కపాలభాతిలో పొట్టని లోపలికి కొడుతూ గాలిని వేగంగా బయటికి తోస్తాం. పాత హఠయోగ సంప్రదాయంలో దాన్ని ప్రాణాయామాల్లో లెక్కవేయలేదు, నేతి, ధౌతి లాంటి శుద్ధి క్రియల్లో కలిపారు. టీవీల పుణ్యమా అని ఇప్పుడది ప్రతి జబ్బుకీ మందైపోయింది. ఆందోళన ఉన్నవాళ్లు అసలే గబగబా ఊపిరి తీస్తుంటారు. దాని మీద పావుగంట బలంగా ఊదితే ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి పోవచ్చు. అది తగ్గితే మెదడుకి వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుని తల తిరుగుతుంది. వేళ్లలో, పెదాల చుట్టూ తిమ్మిరి మొదలవుతుంది. గుండె దడ పెరుగుతుంది. మీరు రాసినవి అవే కదా! భయం పుట్టినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో, దాన్నే రోజూ చాప మీద కూర్చుని తెప్పించుకుంటున్నారన్నమాట.

డ్యూటీలో ఉన్న రోజుల్లో ఇలా వేళ్లు కొంకర్లు పోయి, ‘నాకేదో అయిపోతోంది’ అంటూ వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. పక్కన చుట్టాలు చేరి ‘గట్టిగా ఊపిరి పీల్చుకో, ఇంకా గట్టిగా’ అని అరుస్తుంటారు. పీల్చేకొద్దీ పాపం ఆ మనిషికి ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు చెప్పాల్సిన మాట ‘వదులు’ అని. ‘మెల్లగా వదులు, ఇంకొంచెం వదులు’ అని.

మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలు నేలకి ఆనించండి. ఒక చెయ్యి బొడ్డు మీద, ఇంకొకటి గుండెల మీద పెట్టుకోండి. ముక్కుతో మెల్లగా తీసుకుంటూ మనసులో 4 అంకెలు లెక్కపెట్టండి. వదిలేటప్పుడు 6. అంకెకి ఒక సెకను అనుకోండి. మధ్యలో బిగబట్టడం వద్దు. ఈ లెక్కన నిమిషానికి 6 ఊపిర్లు వస్తాయి. మామూలుగా పెద్దవాళ్లం 12 నుంచి 20 దాకా తీసుకుంటాం. ఆరు దాకా వదలడం కష్టమైతే 3 తీసుకుని 4 వదలండి చాలు. ఆయాసపడి లెక్క పూర్తిచేస్తే వచ్చే లాభమేమీ లేదు. తీసుకునేదాని కంటే వదిలేది పొడుగ్గా ఉంటే సరిపోతుంది.

ఎందుకో మీ మణికట్టే చెబుతుంది. బొటనవేలి కింద నాడి మీద రెండు వేళ్లు ఆనించి నిదానంగా ఊపిరి తీయండి, వదలండి. తీసుకుంటున్నప్పుడు నాడి కాస్త త్వరగా, వదులుతున్నప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. చాలామందికి ఇది వేలికి తెలిసిపోతుంది. మెదడు నుంచి గుండెకీ పొట్టకీ దిగే వేగస్ నరం ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కొందరికి భయంతో మాటిమాటికీ నాడి పట్టుకుని చూసుకోవడం, స్మార్ట్‌వాచ్‌లో అంకెలు చూసుకోవడం అలవాటవుతుంది. మీకూ అది ఉంటే ఈ పరీక్ష జోలికి పోవద్దు, నా మాట నమ్మేయండి.

మా క్లాసులో కొత్తగా చేరిన ఆడవాళ్లని నేను మొదట చూసేది మెడ దగ్గర. ఊరికే కూర్చున్నప్పుడు కూడా మెడలో నల్లపూసలు పైకి లేచి దిగుతుంటే, భుజాలు చెవుల వైపు వెళ్తుంటే, ఆవిడ ఛాతీ పైభాగంతోనే ఊపిరి తీస్తోందని అర్థం. పొట్ట కదలదు. ఎలా కదులుతుంది? చిన్నప్పటి నుంచి ‘పొట్ట లోపలికి పెట్టు’ అనిపించుకుని పెరిగాం. పెద్దయ్యాక లంగా బొందు బిగించి ముడేసి, దాంట్లోనే కుచ్చిళ్లు దోపి, పొద్దుటి నుంచి రాత్రి దాకా పొట్టకి చోటే ఇవ్వం. పడుకుని చేసేటప్పుడైనా ఆ బొందు వదులు చేసుకోండి. నవ్వొస్తుంది గానీ, బొందు వదిలిన రోజునే ‘ఇవాళ ఊపిరి ఆడిందండీ’ అన్నవాళ్లు ఉన్నారు.

ఇది దడ వచ్చినప్పుడు మాత్రమే చేసేది కాదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే నీళ్లు అందవు. మామూలుగా ఉన్నప్పుడే పొద్దున ఐదు నిమిషాలు, స్కూలు నుంచి వచ్చాక ఐదు నిమిషాలు చేసి ఒంటికి అలవాటు చేయండి. అప్పుడే నాలుగింటికి మెలకువ వచ్చినా చెయ్యి తనంతట తాను పొట్ట మీదకి వెళ్తుంది. తెల్లవారుజామున కార్టిసాల్ అనే హార్మోను అందరిలోనూ సహజంగా పెరుగుతుంది, ఆందోళన ఉన్నవాళ్లకి అదే దడగా తెలిసే అవకాశం ఉంది. ఆ సమయంలో ఫోన్ తీసి టైమ్ చూడకండి. టైమ్ చూడగానే ‘ఇంకా రెండు గంటలే నిద్ర, రేపు ఎలా?’ అని ఇంకో భయం తయారవుతుంది.

ఇంకో సంగతి. గుండె పరీక్షలు చేయించారు, బాగుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించారా? ఉత్తరంలో లేదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. మీ వయసులో నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులతోనూ వస్తుంది. వీటికి ఊపిరి లెక్కలు మందు కావు. అలాగే పరగడుపున తాగే ఆ పెద్ద గ్లాసు కాఫీని టిఫిన్ తర్వాతకి జరిపి చూడండి. మీరు కాఫీ తాగుతారని రాయలేదు, తెనాలి అన్నారు కాబట్టి ఊహించాను.

గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాను. అశోక్‌నగర్‌లో రూమ్. వయసు 27. మాక్ టెస్ట్ అనగానే చేతులు వణుకుతాయి, చదివింది గుర్తుకు రాదు. ఒకసారి స్టడీ హాల్లోనే ఊపిరి ఆడక బయటికి పరిగెత్తాను. ఫ్రెండ్ చెబితే యోగా క్లాసుకి వెళ్లాను. ఆసనాలు బాగానే ఉన్నాయి గానీ చివర శవాసనంలో కళ్లు మూసుకోమంటే మాత్రం భయం వేస్తోంది. ‘ఈసారి కూడా రాకపోతే?’ అన్న ఆలోచన ఒక్కటే తిరుగుతుంది. అందరూ ప్రశాంతంగా పడుకుంటే నేనొక్కడినే లేచి వచ్చేశాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

మా చిన్నవాడి వయసు నీది, నువ్వు అనే రాస్తాను బాబూ. శవాసనం నుంచి లేచి వచ్చినవాడివి నువ్వొక్కడివే కాదు. ఒళ్లు వదులు చేయమంటే భయం ఎక్కువయ్యేవాళ్లు ఉంటారని మానసిక వైద్యులకి బాగా తెలుసు. పగలంతా పుస్తకాలతో, పరుగుతో తొక్కిపెట్టిన ఆలోచనలన్నీ కళ్లు మూయగానే పైకి వస్తాయి. ‘ఏమీ ఆలోచించకండి, ప్రశాంతంగా ఉండండి’ అని మైకులో చెబితే ప్రశాంతత రాదు. యోగా నేర్పేవాళ్లలో చాలామంది ఈ మాటని అలవాటుగా అనేస్తుంటారు, నాకు వినడానికే చిరాకు.

నీకు కళ్లు మూయాలన్న రూలు లేదు. పడుకోవాలన్న రూలూ లేదు. గోడకి వీపు ఆనించి కూర్చో, చూపు ఓ రెండు గజాల దూరంలో నేల మీద పెట్టు. గోడ వీపుకి తగులుతుండటం, పాదాలు నేలకి తగులుతుండటం గమనించు. రెండు నిమిషాలు. అంతకంటే ఎక్కువ మొదట్లో వద్దు. పడుకోవాలనిపిస్తే పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకో, కళ్లు తెరిచే ఉంచు.

దానికి ముందు మాత్రం ఒళ్లు కదలాలి. భయపడిన ఒళ్లు పరిగెత్తడానికి సిద్ధమైన ఒళ్లు. కండరాలు బిగుసుకుని ఉన్నవాణ్ణి తీసుకొచ్చి ఒక్కసారిగా పడుకోబెడితే ఎలా కుదురుతుంది? సూర్య నమస్కారాలు నిదానంగా వేసుకో. చేతులు పైకెత్తేటప్పుడు ఊపిరి తీసుకో, కిందికి వంగేటప్పుడు వదులు. పందెంలా లెక్క పెంచుకుంటూ పోవద్దు. రూమ్‌లో ముగ్గురున్నారు, చాప వేసే చోటు లేదంటావేమో. అప్పుడు నిలబడి చేతులు పైకెత్తి దించడం, ముందుకి వంగి చేతులు వేలాడేయడం, ఆ తర్వాత ఇందిరా పార్కులో ఓ రెండు చుట్లు నడక. అదీ లెక్కలోకి వస్తుంది.

తర్వాత భ్రామరి. ముక్కుతో ఊపిరి తీసుకుని, నోరు మూసి, ‘మ్మ్మ్’ అని తుమ్మెదలా ఝుంకారం చేస్తూ వదలడం. చెవులు మూసుకోవాల్సిన పనిలేదు. అంకెలు లెక్కపెట్టాల్సిన పనీ లేదు, శబ్దం చేస్తూ వదిలితే ఊపిరి తనంతట తానే పొడుగవుతుంది. మనసులో మాటలు తిరుగుతున్నవాళ్లకి ఇది ఎందుకు నప్పుతుందంటే, ఆ శబ్దం వింటూ ఇంకో మాట నడపడం కాస్త కష్టం. రూమ్మేట్లు నవ్వితే నవ్వనీ. లేదంటే బాత్రూమ్‌లో చెయ్యి.

హాల్లో భయం వచ్చినప్పుడు ఇవేవీ కుదరవు కదా. అక్కడికి ఇది చాలు: రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించు. పెన్ను కింద పెట్టు. వేడి టీ ఊదుతున్నట్టు పెదాల మధ్య నుంచి సన్నగా, పొడుగ్గా వదులు. తీసుకోవడం గురించి ఆలోచించకు, అది దానంతటదే వస్తుంది. ఇలా ఐదారు సార్లు. అప్పుడు నీకు వచ్చిన ప్రశ్న ఒకటి వెతికి బబుల్ దిద్దు, ఆ తర్వాతే కష్టమైనవి. ఇలాంటి భయం సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది. ‘ఇది దిగుతుంది’ అని తెలిసి కూర్చోవడం వేరు, ‘నాకు హార్ట్ ఎటాక్ వస్తోంది’ అనుకుని కూర్చోవడం వేరు. అందుకే ఊపిరి ఆడక పరిగెత్తిన రోజు గురించి ఒకసారి డాక్టర్‌కి చెప్పు. ఇది ఆందోళనేనా, వేరే ఏదైనానా అన్నది ఆయన తేల్చాలి.

చేతులు వణకడం నీ బలహీనత అనుకుంటున్నట్టున్నావు. పతంజలి తన సూత్రాల్లో చెదిరిన మనసుకి తోడుగా వచ్చేవి ఏమిటో ఒక జాబితా ఇచ్చాడు. దుఃఖం, దిగులు, అవయవాలు వణకడం, ఊపిరి గతి తప్పడం. గ్రూప్స్ లేని కాలంలోనూ చేతులు వణికాయి!

రాత్రి రెండింటి దాకా చదివి, టీల మీద టీలు తాగి, పొద్దున్నే ఆరింటికి స్టడీ హాల్లో సీటు కోసం పరిగెత్తేవాడికి ఏ ఆసనమూ పనిచేయదన్న సంగతి నీకూ తెలుసు. దాని గురించి ఉపన్యాసం ఇవ్వను.

మా అమ్మాయికి 23 ఏళ్లు. ఆందోళన జబ్బు అని సైకియాట్రిస్టు మందులు రాశారు. మూడు నెలలుగా వాడుతోంది, బాగానే ఉంది. పెళ్లి చూపులు మొదలుపెడదామనుకుంటున్నాం. ఈ మందులు వాడుతోందని తెలిస్తే కష్టం. మా బంధువొకాయన యోగాతో అన్నీ పోతాయి, మాత్రలు ఆపేయండి అంటున్నారు. ఎన్నాళ్లు యోగా చేస్తే మందులు మానేయొచ్చు?
– ఒక తండ్రి, కరీంనగర్

అన్నయ్యగారూ, మీరు అడిగిన లెక్క నా దగ్గర లేదు. ఎవరైనా ఇన్నాళ్లని చెబితే వాళ్లకి దూరంగా ఉండండి.

మాత్రలు సొంతంగా ఆపొద్దు. ఈ జబ్బుకి ఎక్కువగా రాసే మందులు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది. బాగానే ఉంది కదా అని ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, వికారం, నిద్ర లేకపోవడం, తలలో కరెంటు జిల్లుమన్నట్టు ఉండటం లాంటివి రావచ్చు. జబ్బు మళ్లీ తిరగబెట్టవచ్చు. నిద్రకీ భయానికీ ఇచ్చే కొన్ని రకాల మాత్రలనైతే హఠాత్తుగా మానడం ప్రమాదం కూడా. ఎప్పుడు తగ్గించాలో, ఎంతెంత తగ్గించాలో రాసిన డాక్టరే చెప్పాలి. ‘మా అమ్మాయి యోగా కూడా మొదలుపెట్టింది’ అని ఆయనతో చెప్పండి, సంతోషిస్తారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో మానసిక వైద్యం, యోగా ఒకే ఆవరణలో నడుస్తాయి. అక్కడ యోగాని మందులకి పోటీగా కాదు, తోడుగా వాడతారు.

యోగా ఎంతవరకు పనిచేస్తుందో చెప్పే ఒక పరిశోధన గురించి చెబుతాను. 2020లో అమెరికాలో ప్రచురించారు. ఆందోళన జబ్బు ఉన్న 226 మందిని తీసుకుని కొందరికి కుండలినీ యోగా నేర్పారు, కొందరికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల తీరుని మార్చే కౌన్సెలింగ్ ఇచ్చారు, మిగతావాళ్లకి ఒత్తిడి గురించి పాఠాలు చెప్పారు. 12 వారాలయ్యాక చూస్తే యోగా చేసినవాళ్లలో 54 శాతం మందికి, కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 71 శాతం మందికి బాగా మెరుగైంది. పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో 33 శాతం. ఇంకో ఆరు నెలలకి మళ్లీ చూస్తే కౌన్సెలింగ్ ఫలితం నిలబడింది, యోగా ఫలితం అంత స్పష్టంగా నిలవలేదు. యోగా నేర్పుకుని బతికేదాన్ని, నాకు ఈ అంకెలు కాస్త చేదుగానే ఉన్నాయి. కానీ ఉన్నమాట అది. యోగా పనిచేస్తుంది, కౌన్సెలింగ్ అంతకంటే బాగా పనిచేస్తుంది. మీ అమ్మాయికి మాత్రలతో పాటు కౌన్సెలింగ్ కూడా ఇప్పిస్తున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. అమ్మాయి ఎప్పుడైనా బతకాలని లేదన్న మాట అంటే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పెళ్లి సంగతి మీ ఇంటి విషయం, అయినా ఒక్కటి అడుగుతాను. మీ ఉత్తరంలో మీ మాట ఉంది, బంధువు మాట ఉంది, రాబోయే పెళ్లివారి మాట ఉంది. మందులు వాడుతున్న అమ్మాయి ఏమంటోందో ఎక్కడా లేదు. ముందు తనని అడగండి.

మేం చర్చికి వెళ్తాం. భయం తగ్గడానికి యోగా మంచిదని డాక్టరమ్మ చెప్పారు. ఓం అనకుండా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

చేయొచ్చమ్మా. పైన భ్రామరి గురించి రాశాను చూడండి, అందులో ‘మ్మ్మ్’ అన్న శబ్దం తప్ప ఇంకేమీ లేదు. ఊపిరికి మతం అక్కర్లేదు. మా క్లాసులో ఒకావిడ కీర్తన పల్లవి కూనిరాగంగా తీస్తూ చేస్తుంది, నాకేం అభ్యంతరం లేదు. వదలడం పొడుగ్గా ఉందా లేదా, అంతే నేను చూసేది.

నాకు 68. మావారూ నేనూ ఇద్దరమే ఉంటాం. అబ్బాయి డాలస్‌లో. రాత్రి ఫోన్ చేస్తే ఎత్తకపోతే చాలు, కాళ్లూ చేతులూ చల్లబడిపోతాయి. యాక్సిడెంట్ అయిందేమో, ఎవరైనా కాల్చారేమో అని ఏవేవో ఆలోచనలు. మావారేమో ‘ఏం కాదులేవే’ అని పేపర్ వెనక్కి వెళ్లిపోతారు. కింద కూర్చోలేను, మోకాళ్లు అరిగిపోయాయి. గోడకి కాళ్లు పెట్టి పడుకుంటే భయం తగ్గుతుందని వీడియోలో చూపించారు. చేయమంటారా? బీపీకి మాత్ర వేసుకుంటాను, కంట్లో గ్లకోమాకి చుక్కలు వేసుకుంటాను.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

వద్దక్కయ్యా. చుక్కల సంగతి రాసి మంచి పని చేశారు. గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్లకి తల కిందికి, కాళ్లు పైకి ఉండే భంగిమల్లో కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. తల నేలకి ఆనేలా ముందుకి వంగేవి కూడా వద్దు. వీడియోలో అమ్మాయికి మీ కళ్ల సంగతి తెలియదు.

చేతులు లేని డైనింగ్ కుర్చీ ఒకటి తీసుకుని, అది జారకుండా గోడకి ఆనించి కూర్చోండి. పాదాలు నేలకి అందకపోతే కింద పీట వేసుకోండి. ఊపిరి తీసుకుంటూ రెండు చేతులూ భుజాల ఎత్తు వరకు, వదులుతూ ఒడిలోకి. తర్వాత భుజాలు గుండ్రంగా తిప్పడం, మడమలు లేపి దించడం. చివర్లో రెండు అరచేతులూ పొట్ట మీద పెట్టుకుని పొడుగ్గా వదలడం. బీపీ ఉంది కాబట్టి ఎక్కడా బిగబట్టొద్దు. బావగారిని కూడా పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. మీరు భయపడుతుంటే ‘ఏం కాదులేవే’ అని పేపర్ వెనక్కి వెళ్లిపోతారని రాశారు, ఆయన భయం ఆ పేపర్ వెనకే ఉండి ఉంటుంది.

కాళ్లూ చేతులూ చల్లబడినప్పుడు వెంటనే మళ్లీ మళ్లీ రింగ్ చేయకండి. ముందు ఆ కుర్చీలో కూర్చుని పది ఊపిర్లు వదలండి, ఆ తర్వాతే ఫోన్. వేసవిలో మీకు రాత్రి తొమ్మిదైతే డాలస్‌లో పగలు పదిన్నర, శీతాకాలంలో తొమ్మిదిన్నర. ఆఫీసు మీటింగులు జరిగే వేళ అది. ఎత్తకపోవడానికి కారణం చాలాసార్లు అదే అయ్యుంటుంది. అబ్బాయితో మాట్లాడి, తను నిద్ర లేవగానే వాట్సాప్‌లో ఒక బొమ్మ పెట్టేలా ఒప్పించండి. తనకి పొద్దున ఏడైతే మీకు సాయంత్రం అయిదున్నరో ఆరున్నరో, దీపం పెట్టే వేళకి అందుతుంది. వీడియోలు చూపించే ఆ ఫోన్‌లో అమెరికా కాల్పుల వార్తలు కూడా మీకే ఎక్కువ వస్తున్నట్టున్నాయి. వాటిని చూడటం ఎలా ఆపాలో మనవరాలినో, పక్కింటి పిల్లాడినో అడిగి సెట్ చేయించుకోండి. కుర్చీలో ఎలా ఉందో వచ్చే నెల రాయండి.